ఎవరి డబ్బు, ఎందుకు ఇస్తున్నారు?

(విదేశీ చదువులకు ధర్మనిధుల స్కాలర్‌షిప్పుల గురించి, విశాఖపట్నం ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో విద్యార్థులు, తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, ఇక్కడ రెండు వరసలు ఖాళీగానే ఉన్నాయి.

పిల్లలతో పాటు అమ్మానాన్నలు కూడా ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. విదేశీ చదువు అనగానే ఇంట్లో ఒక్కొక్కరి టెన్షన్ ఒక్కో రకం. సీటు వస్తుందా రాదా అని పిల్లలకి. స్థలం అమ్మాలా, ఇల్లు తాకట్టు పెట్టాలా అని పెద్దవాళ్ళకి. ఈ రోజు నేను మాట్లాడేది డబ్బు సంగతే. ఒక మనిషో, ఒక కుటుంబమో తమ ఆస్తిలోంచి కొంత పక్కన పెట్టి, ముక్కూ మొహం తెలియని పిల్లల చదువుకి ఇచ్చే డబ్బు. ధర్మనిధి అంటాం, ట్రస్టు అంటాం, ఫౌండేషన్ అంటాం.

నేను అలాంటి డబ్బుతోనే చదువుకున్నాను. మాది కంచరపాలెం. నాన్నగారు వాల్తేరు లోకో షెడ్‌లో ఫిట్టర్. ఆంధ్రా యూనివర్సిటీలో ఇంజనీరింగ్ అయ్యాక, మంచినీళ్ళ శుద్ధి మీద పై చదువుకి ఇంగ్లండ్ వెళ్ళాలని నా కోరిక. సీటు వచ్చింది, డబ్బు లేదు. మొదటి ఏడు అడిగితే కాదన్నారు. రెండో ఏడు ఒక ట్రస్టు వాళ్ళు ఇచ్చారు. 1988లో వెళ్ళాను, తిరిగొచ్చి రిటైరయ్యేదాకా నీళ్ళ పనిలోనే ఉన్నాను. ఇప్పుడు పదకొండేళ్ళుగా మన ఊళ్ళోనే ఒక చిన్న ధర్మనిధికి వచ్చే దరఖాస్తులు చదువుతున్నాను. అడిగేవాళ్ళ వైపూ కూర్చున్నాను, ఇచ్చేవాళ్ళ వైపూ కూర్చున్నాను.

రెండు వైపులా కూర్చున్నాక నాకు తెలిసొచ్చిన సంగతి ఒకటుంది. ఇచ్చేవాళ్ళకి ఏదో ఒక పని జరగాలని ఉంటుంది. ఆ పని చేసే మనిషి కోసం వాళ్ళు వెతుకుతుంటారు. మార్కులు చూస్తారు, ఎందుకు చూడరు? కానీ మార్కులు గుమ్మం దాకా తీసుకెళ్తాయి, అంతే. ఇది తెలియక మంచి తెలివైన పిల్లలు రాసిన కాగితాలు పక్కన పడిపోతుంటే నాకు చాలా బాధేస్తుంది.

మన దగ్గరి మనిషి కథతోనే మొదలుపెడతాను. యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మీరంతా విన్నారు. 1895లో భీమవరంలో పుట్టారు. స్ప్రూ అనే జబ్బు ఆయన అన్నదమ్ముల్ని తీసుకుపోయింది, ఆయన్నీ పట్టుకుంది. తిన్నది ఒంటికి పట్టకుండా మనిషిని పీల్చేసే జబ్బు అది. ఉష్ణదేశాల జబ్బుల మీద చదవాలని ఆయన పట్టుబట్టారు. ఆ చదువు బోస్టన్‌లో ఉంది. డబ్బు? కొంత మామగారు కూడగట్టారు. కాకినాడలో మల్లాడి సత్యలింగం నాయకర్ గారి ధర్మసంస్థ సాయం చేస్తామంది. నాయకర్ గారు రంగూన్‌లో సంపాదించిన సొత్తుతో ఏర్పడిన సంస్థ అది. అంటే నూరేళ్ళ కిందటే మన గోదావరి గడ్డ మీద ఒక ధర్మనిధి ఒక కుర్రాణ్ణి అమెరికా పంపడానికి ముందుకొచ్చింది.

ఆ తర్వాత ఏమైందో చూడండి. సుబ్బారావు గారు అక్కడ ఆసుపత్రిలో కూలిపని చేసుకుంటూ చదువుకున్నారు. తర్వాత లెడర్లే కంపెనీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది, స్ప్రూకి అది మందైంది. అదే బృందం నుంచి 1940లలో డీఈసీ అనే మందు వచ్చింది. డీఈసీ అంటే ఇక్కడున్న అమ్మలకి తెలుసు. బోదకాలు రాకుండా ఆరోగ్య కార్యకర్తలు ఇంటికొచ్చి, దగ్గరుండి మింగించే మాత్ర. విజయనగరం, శ్రీకాకుళం ఊళ్ళలో అది మింగని ఇల్లు తక్కువ. ఆయన మళ్ళీ ఇండియాకి రాలేదు, 1948లో అక్కడే పోయారు. ఆయన పని మాత్రం మన గుమ్మాల్లోకి వచ్చింది. ధర్మనిధి నడిపేవాళ్ళు కోరుకునేది ఇదే.

ఆ మాటకొస్తే మీలో చాలామంది చదివిన ఆంధ్రా యూనివర్సిటీ కూడా దాతల చేతి మీదుగా పెరిగిందే. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ గారు ఏటా లక్ష రూపాయలిచ్చారు, ఆ రోజుల్లో లక్ష! సైన్స్, టెక్నాలజీ కాలేజీకి ఆయన పేరు అందుకే పెట్టారు. అందుకని ట్రస్టుని అడగడానికి నామోషీ పడకండి. "ఒకరి ముందు చెయ్యి చాచడమా" అని మా నాన్నగారు కూడా అన్నారు. ఆయన కట్టిన యూనివర్సిటీ ఫీజు నా చదువుకయ్యే ఖర్చులో ఎన్నో వంతని లెక్కేసి చూపించాను. అంతకుముందే ఎవరో మన కోసం చెయ్యి చాచి అడిగారని ఆయనకప్పుడు అర్థమైంది.

సరే, ఎవరెవరు ఇస్తున్నారు? అన్నీ చెప్పను. నాకు బాగా తెలిసినవి కొన్ని చెప్తాను. నియమాలు ఏటా కొద్దిగా మారుతుంటాయి కాబట్టి, ఇంటికెళ్ళి ఆయా సంస్థల సొంత వెబ్‌సైట్‌లోనే చూసుకోండి. వాట్సాప్‌లో వచ్చింది నమ్మకండి.

పాతది జె.ఎన్. టాటా ఎండోమెంట్. 1892లో జంషెడ్జీ టాటా పెట్టారు. ఒక్కసారి ఆ ఏడాది గురించి ఆలోచించండి. సముద్రం దాటితే కులం పోతుందనే రోజుల్లో, మన పిల్లలు బయటికెళ్ళి చదవాలని నిధి పెట్టారు. మొదట్లోనే ఆడ డాక్టర్లని పంపారు. మన రాష్ట్రపతిగా చేసిన కె.ఆర్. నారాయణన్ గారు కేరళలో నిరుపేద కుటుంబంలో పుట్టి, టాటాల స్కాలర్‌షిప్పుతోనే లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చదివారు. ఇది లోన్ స్కాలర్‌షిప్, అంటే తర్వాత తిరిగి కట్టాలి. కె.సి. మహీంద్రా ఎడ్యుకేషన్ ట్రస్టు, నరోత్తమ్ సేఖ్‌సరియా ఫౌండేషన్ ఇచ్చేవీ అలాంటివే, వడ్డీ లేని అప్పు. వీటికి అప్లికేషన్లు మామూలుగా సంక్రాంతి నుంచి ఉగాది మధ్యలో నడుస్తుంటాయి.

అప్పు అనగానే కొందరి మొహాలు మారాయి. ఉండండి. నాకు లోన్ స్కాలర్‌షిప్ అంటేనే ఎక్కువ ఇష్టం. నేను తీసుకున్నదీ అదే. ఉద్యోగం వచ్చాక నెలనెలా చెక్కు పంపేదాన్ని. ఒక్కోసారి ఆలస్యమయ్యేది, ఉత్తరం రాసేదాన్ని, వాళ్ళు ఓపిక పట్టేవారు. చివరి వాయిదా కట్టాక వాళ్ళ దగ్గర్నుంచి రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది. మీరు కట్టిన సొమ్ము ఈ ఏడాది ఇంకో విద్యార్థికి వెళ్తోంది అని. ఆ కాగితం నా పెళ్ళి ఫొటోల ఆల్బమ్‌లో దాచుకున్నాను. మీరు తీసుకున్న డబ్బు మీ దగ్గర ఆగిపోకుండా ముందుకి పోతుందంటే అందులో ఎంత గౌరవం ఉందో ఆలోచించండి.

తిరిగి కట్టక్కర్లేనివీ ఉన్నాయి. ఇన్లాక్స్ శివదాసానీ ఫౌండేషన్ 1976 నుంచి ఇస్తోంది. కళలు, చట్టం, సామాజిక శాస్త్రాలు, పర్యావరణం లాంటివి చదివేవాళ్ళకి చాలా మంచి సాయం. కానీ ఇంజనీరింగ్, కంప్యూటర్ సైన్స్, బిజినెస్, మెడిసిన్ వాళ్ళకి అది కాదు. మన ఊళ్ళో బయటికి వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది చదివేవి ఇవే కదా! కనుక అది చూసుకోకుండా వారం రోజులు కూర్చుని వ్యాసం రాస్తే ఆ వారం వృథా. ఫెలిక్స్ స్కాలర్‌షిప్ ఉంది, ఆక్స్‌ఫర్డ్ లాంటి కొన్ని యూనివర్సిటీల్లోనే, చదువుకునే స్తోమత లేని భారతీయ విద్యార్థులకి. గేట్స్ కేంబ్రిడ్జ్ ఉంది, 2000లో గేట్స్ దంపతుల ఫౌండేషన్ ఇచ్చిన నిధితో మొదలైంది. దానికి వేరే దరఖాస్తు ఉండదు, కేంబ్రిడ్జ్‌లో సీటుకి పెట్టే దరఖాస్తులోనే అడగాలి. ఇది తెలియక సీటు వచ్చాక "ఇప్పుడు గేట్స్‌కి అప్లై చేస్తాను మేడమ్" అని వస్తారు. అప్పటికే గడువు దాటిపోయి ఉంటుంది.

రోడ్స్ స్కాలర్‌షిప్ గురించి ఒక్క మాట. ఆక్స్‌ఫర్డ్‌లో చదివిస్తారు, మన దేశానికి 1947 నుంచి ఇస్తున్నారు. ఈ నిధి పెట్టిన సెసిల్ రోడ్స్ దక్షిణాఫ్రికా వజ్రాల గనుల్లో సంపాదించాడు, సామ్రాజ్యవాది. ఆ డబ్బు తీసుకోవాలా వద్దా అని మీకు ఆలోచన రావచ్చు, రావాలి కూడా. ఆలోచించుకుని నిర్ణయించుకోండి. ఎవరి డబ్బో తెలుసుకోకుండా మాత్రం ఏ డబ్బూ తీసుకోవద్దు.

ప్రభుత్వాలు ఇచ్చేవి వేరు. బ్రిటన్ వాళ్ళ చీవ్నింగ్‌కి రెండేళ్ళ పని అనుభవం కావాలి, చదువయ్యాక రెండేళ్ళు స్వదేశంలో ఉండాలి. మన కేంద్ర ప్రభుత్వానిది నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది, ఎస్సీ విద్యార్థులకి, సంచార జాతులవాళ్ళకి, భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లలకి, సంప్రదాయ చేతివృత్తులవాళ్ళ పిల్లలకి. అర్హత ఉండి కూడా ఆ పేరే వినని పిల్లలు నాకు పెందుర్తిలోనూ కనిపించారు, అనకాపల్లిలోనూ కనిపించారు. ఇక్కడ ఎవరైనా ఉంటే ఈ రాత్రికే వెతకండి.

ఇక రాయడం. దీని కోసమే నేను ఇవాళ వచ్చాను.

నాలుగేళ్ళ కిందట పెదజాలరిపేట నుంచి ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. ఫుడ్ టెక్నాలజీ చదివింది. స్కాట్లండ్‌లో మాస్టర్స్‌కి సీటు వచ్చింది. ట్రస్టుకి రాసిన వ్యాసం చూపించింది. మొదటి వాక్యం, "చిన్నప్పటి నుంచి ఆహార శాస్త్రమంటే నాకు ప్రాణం." రెండో పేరాలో ప్రపంచ ఆకలి. మూడో పేరాలో ఆ యూనివర్సిటీ ఎంత గొప్పదో. తప్పు ఒక్కటి లేదు. ఇంగ్లిష్ చక్కగా ఉంది. కానీ అందులో ఆ పిల్ల లేదు. పేరు తీసేసి ఇంకొకరి పేరు పెట్టినా సరిపోతుంది.

నేను కాగితం పక్కన పెట్టి, "అమ్మా, మీ అమ్మగారు ఏం చేస్తారు?" అన్నాను. కొంచెం తటపటాయించి, చేపలమ్ముతుంది అంది. ఎలా అమ్ముతుందో చెప్పమన్నాను. అప్పుడు మొదలుపెట్టింది. తెల్లవారుజామున నాలుగున్నరకి ఫిషింగ్ హార్బర్‌లో వేలం పాట. కానాగంతలో, కవళ్ళో, ఏదో ఒక రకం చేప పాడుకుని, నలగ్గొట్టిన ఐసు ఒక గోనెసంచిలో కొనుక్కుని, థర్మాకోల్ పెట్టెలో ఒక వరస ఐసు, ఒక వరస చేప పేర్చుకుని ఎంవీపీ కాలనీలో అమ్ముతుంది. పదకొండయ్యేసరికి ఐసు సగం నీళ్ళు. కొనేవాళ్ళు మొప్ప ఎత్తి చూస్తారు. ఎరుపు తగ్గితే ధర సగం. పన్నెండు దాటితే అడిగినంతకి ఇచ్చెయ్యాలి. "పెట్టె మూత సరిగ్గా పడదండీ, ఒక మూల విరిగింది, మా అమ్మ దాని మీద తడిగోనె కప్పుతుంది" అంది.

"మరి ఇది రాయలేదేం?" అన్నాను. "ఇది కూడా రాస్తారా మేడమ్?" అంది. నాకు కళ్ళు చెమర్చాయి. ఆ అమ్మాయి నాలుగేళ్ళు చదివిన చదువు, వాళ్ళమ్మ పెట్టెలో రోజూ కరిగిపోతున్న ఐసు గురించే కదా!

ఇంటికెళ్ళి ఊరుకోలేదు. కాలేజీ ల్యాబ్ నుంచి థర్మామీటర్ అడిగి తెచ్చుకుంది. పన్నెండు రోజులు వాళ్ళమ్మతో తిరిగి, గంటగంటకీ పెట్టెలో ఎంత వేడి ఉందో, అప్పటికి ఎన్ని చేపలు మిగిలాయో, ఎంతకి పోయాయో నోట్‌బుక్‌లో రాసింది. ఒక రోజు మూలకి సైకిల్ ట్యూబ్ ముక్క అతికించి చూసింది. ఆ రోజు ఐసు ఇంకో గంటన్నర నిలిచింది. అది రాసింది వ్యాసంలో. చిన్న అమ్మకందార్ల దగ్గర చేప చల్లగా నిలిచే పద్ధతుల మీద చదువుతానని, ఎందుకో చెప్పి రాసింది. రెండు పేజీలు, అన్నీ చిన్న చిన్న వాక్యాలు. ట్రస్టు సగం ఇచ్చింది, మిగతాది బ్యాంకు ఇచ్చింది.

అందరి అమ్మలూ చేపలమ్మరు, నిజమే. పేదరికం గురించి రాయమని నేను అనడం లేదు. మీరు ఏ చదువుకి వెళ్తున్నారో ఆ చదువు అవసరం మీకు ఎక్కడ కనబడిందో అది రాయండి. కేజీహెచ్‌లో ఓపీ చీటీ కోసం నిలబడ్డప్పుడు కనబడిందా, షిప్‌యార్డులో ఇంటర్న్‌షిప్ చేసినప్పుడు కనబడిందా, హుద్‌హుద్ తుఫాను వచ్చిన 2014 అక్టోబరులో మీ ఇంటి కిటికీ ఊడిపోయినప్పుడు కనబడిందా? అప్పటికి మీరు చిన్నపిల్లలు. ఆ రోజు చూసి, గాలికి తట్టుకునే ఇళ్ళ మీద చదవాలనుకున్నవాడు ఒకడు నాకు తెలుసు. ఆ రోజు తలుపుకి మంచం అడ్డంపెట్టి వాళ్ళ తాతగారు ఎలా కూర్చున్నారో రాశాడు. చదువుతుంటే నాకూ ఆ గాలి వినబడింది.

ఇప్పుడు వ్యాసం రాసి పెట్టే యంత్రాలు వచ్చాయి. కొన్ని కన్సల్టెన్సీల్లో తయారుగా ఉన్న వ్యాసంలో పేరు మార్చి ఇస్తారు. చదివేవాళ్ళకి తెలిసిపోతుంది. ఒకే రోజు నా బల్ల మీద మూడు దరఖాస్తులు ఒకే వాక్యంతో మొదలయ్యాయి. ఆ ముగ్గురూ ఒకరికొకరు తెలియదు, ముగ్గురి డబ్బూ ఒకే చోటికి పోయింది. మీ ఇంగ్లిష్ కొంచెం తడబడినా పరవాలేదు. ముందు తెలుగులో రాసుకోండి, మీ అమ్మకి చదివి వినిపించండి. ఆమెకి ఎక్కడ అర్థం కాలేదో అక్కడ మీకే అర్థం కాలేదన్న మాట. ఆ తర్వాత ఇంగ్లిష్‌లోకి మార్చుకోండి.

రికమెండేషన్ లెటర్ల సంగతి. మన దగ్గర అలవాటు మీకు తెలుసు. లెక్చరర్ గారి దగ్గరికెళ్తే "నువ్వే రాసుకురా, సంతకం పెడతాను" అంటారు. ఆయనకి తీరిక లేదు, తప్పు పట్టలేం. కానీ మీరు రాసుకున్న ఉత్తరంలో మీ గొంతే ఉంటుంది, వ్యాసం పక్కన పెట్టి చూస్తే ఒకే చెయ్యి అని తెలుస్తుంది. అందుకని ఉత్తరం రాసుకెళ్ళకండి. ఒక పేజీ జ్ఞాపకాలు రాసుకెళ్ళండి. "సార్, మీ ల్యాబ్‌లో ఫలానా సెమిస్టర్‌లో ఈ ప్రయోగం మూడుసార్లు పాడయింది, నాలుగోసారి ఇలా చేశాను, అప్పుడు మీరు ఈ మాట అన్నారు" అని. ఆయనకి గుర్తొస్తుంది. గుర్తొస్తే నాలుగు వాక్యాలు సొంతంగా రాస్తారు, ఆ నాలుగూ చాలు. కనీసం నెల ముందు అడగండి. కాలేజీ ఇచ్చిన మెయిల్ నుంచి పంపమనండి, సొంత జీమెయిల్ అయితే కొన్ని చోట్ల ఒప్పుకోరు.

పేర్ల గొడవ గురించి చెప్పకపోతే నేను ఇవాళ వచ్చి ప్రయోజనం లేదు. మనకి ఇంటిపేరు ముందుంటుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక రకం, ఆధార్‌లో పొట్టి అక్షరం, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా విడిగా, డిగ్రీ పట్టాలో స్పెల్లింగ్‌లో ఒక అక్షరం ఎక్కువ. ఇక్కడ మనకి అది పెద్ద విషయం కాదు. అక్కడ ఆఫీసులో కూర్చున్నవాళ్ళకి అది నలుగురు మనుషులు. కొందరి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటుంది, పేరంతా గివెన్ నేమ్‌లోనే. వాళ్ళకి అమెరికా వీసా మీద పేరంతా ఇంటిపేరు చోటికి పోయి, పేరు చోట ఎఫ్.ఎన్.యు. అని పడుతుంది. పేరు తెలియదు అని దానర్థం. కన్నవాళ్ళు పెట్టిన పేరు తెలియకపోవడమేమిటి! పాస్‌పోర్టు లేనివాళ్ళు తీసుకునేటప్పుడే పదో తరగతి సర్టిఫికెట్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసి నింపండి. ఉన్నవాళ్ళు అన్ని దరఖాస్తుల్లోనూ పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. తేడా ఉంటే నోటరీ దగ్గర అఫిడవిట్ ఇప్పుడే చేయించుకుని ఉంచుకోండి. ఆదాయ ధ్రువపత్రం మీ వార్డు సచివాలయంలో అడగండి, చివరి వారానికి పెట్టుకోకండి.

డబ్బు లెక్క. మొదటి ఏడు నన్ను కాదన్నారని చెప్పాను కదా. కారణం నాకు తర్వాత తెలిసింది. ఫారంలో ఒక గడి ఉంది: "మిగతా ఖర్చుకి డబ్బు ఎక్కడి నుంచి?" నేను అది ఖాళీగా వదిలేశాను. నాన్నగారు పీఎఫ్‌లోంచి అప్పు తీస్తున్నారని, అమ్మ గాజులు అమ్ముతోందని రాయడానికి సిగ్గేసింది. ట్రస్టు వాళ్ళ వైపు నుంచి ఆలోచించండి. వాళ్ళు ఇచ్చేది ఖర్చులో కొంత భాగమే. మిగతాది దొరక్కపోతే ఆ పిల్ల వెళ్ళలేదు, వాళ్ళు కేటాయించిన డబ్బు ఆ ఏడు ఎవరికీ అందదు. ఖాళీ గడి చూసి వాళ్ళకి భయమేసి ఉంటుంది. రెండో ఏడు పీఎఫ్ ఎంత, గాజులు ఎంత, నా ట్యూషన్ డబ్బు ఎంత అని రూపాయితో సహా రాశాను.

ఇంటర్వ్యూకి బొంబాయి పిలిచారు. రెండు రైళ్ళు మారి వెళ్ళాను. ఒక పెద్దాయన అడిగిన మొదటి ప్రశ్న, "మీ ఊరికి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి?" ముడసర్లోవ, గోస్తని మీద తాటిపూడి, మేఘాద్రి గెడ్డ అని చెప్పి, మా వీధికి మాత్రం రెండ్రోజులకోసారి, బిందెల వరస తెల్లవారుజామున మూడింటికే మొదలవుతుందని చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టి, "ఆ వరసలో మీరు నిలబడేవారా?" అన్నారు. పెద్ద పెద్ద ఫార్ములాలు చదువుకుని వెళ్ళాను, ఒక్కటీ అడగలేదు. నా చదువుకీ నా వీధికీ ఉన్న సంబంధం మీదే అరగంట మాట్లాడారు.

మీ లెక్కలో కనబడని ఖర్చులు కూడా వెయ్యండి. బ్రిటన్ అయితే ఫీజు, తిండి కాక హెల్త్ సర్‌చార్జి, అంటే అక్కడి ప్రభుత్వ వైద్యానికి కట్టే సొమ్ము, ఏడాదికి 776 పౌండ్లు వీసాతో పాటే ముందే కట్టాలి. సొంత డబ్బు చూపిస్తే అది ఖాతాలో 28 రోజులు కదలకుండా ఉండాలి. జర్మనీ వెళ్ళేవాళ్ళు సాధారణంగా బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలనెలా కొంత మాత్రమే తీసుకోగలిగే ఖాతాలో, ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. ట్రస్టు డబ్బు చేతికి వచ్చేది చాలాసార్లు చివర్లో, యూనివర్సిటీ డిపాజిట్ కట్టాల్సింది ముందు. ఈ మధ్యలో రెండు మూడు నెలల ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో ఎవరు సర్దుతారో, మేనమామా, బ్యాంకా, ఇప్పుడే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. వచ్చే ఏడు సెప్టెంబరులో చదువు మొదలవ్వాలంటే ఈ ఏడు వానలు పడుతుండగానే పని మొదలుపెట్టాలి.

ఇంకొక్క జాగ్రత్త. కొన్ని ట్రస్టులు దరఖాస్తుకి కొద్దిపాటి రుసుము తీసుకుంటాయి, అది వాళ్ళ వెబ్‌సైట్‌లోనే రాసి ఉంటుంది. కానీ "మీకు స్కాలర్‌షిప్ వచ్చింది, విడుదల చెయ్యాలంటే పాతిక వేలు కట్టండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే అది మోసం. గాజువాకలో ఒక తండ్రి కట్టేశాడు. నెలకి పదిహేను వేలు వచ్చే మనిషి. దయచేసి, ఎవరికైనా అలాంటి ఫోన్ వస్తే రూపాయి కట్టేముందు నా దగ్గరికి రండి.

ఇక మీరు అడగండి.

(ఒక విద్యార్థిని: మేడమ్, మా నాన్న ఆటో నడుపుతారు. ఆ విషయం వ్యాసంలో రాస్తే జాలి కోసం రాసినట్టు ఉంటుందా?)

మంచి ప్రశ్న అడిగావమ్మా. జాలి కోసం రాస్తే జాలి కోసం రాసినట్టే ఉంటుంది. నీ చదువుకి సంబంధం ఉంటే రాయి, లేకపోతే ఆదాయం గడిలో రాస్తే చాలు. నీ సబ్జెక్టు ఏంటి?

(విద్యార్థిని: ఎలక్ట్రికల్, మేడమ్. బ్యాటరీల మీద మాస్టర్స్ చెయ్యాలని.)

నాన్నగారిది ఏ ఆటో?

(విద్యార్థిని: పోయినేడు ఎలక్ట్రిక్‌ది తీసుకున్నారు, లోను మీద.)

ఒకసారి ఛార్జి చేస్తే ఎంత దూరం వస్తోంది?

(విద్యార్థిని: మొదట్లో బాగా వచ్చేది. ఎండాకాలంలో తగ్గిపోయిందని అంటున్నారు. సింహాచలం ఘాట్ ఎక్కిన రోజు సాయంత్రం కిరాయిలు వదులుకుని ఇంటికొచ్చేస్తారు.)

ఎంత తగ్గింది?

(విద్యార్థిని: ... తెలీదు, మేడమ్. కొలవలేదు.)

ఈ రాత్రే నాన్నగారిని అడుగు. రేపటి నుంచి ఒక నోట్‌బుక్ ఆటోలో పెట్టమను. పొద్దున్న ఛార్జి ఎంత, ఎక్కడెక్కడికి వెళ్ళారు, ఘాట్ ఎక్కారా లేదా, ఆ రోజు ఎండ ఎంత, ఇంటికొచ్చేసరికి ఎంత మిగిలింది. ఆయనకి రాయడం కుదరకపోతే ఆయన చెప్తే నువ్వు రాయి. ఒక నెల రాయి. నేను ప్రతి ఆదివారం పదింటికి ఇక్కడే కింద పత్రికలు చదివే గదిలో ఉంటాను. ఆ పుస్తకం తీసుకుని రా. వీలైతే నాన్నగారిని కూడా తీసుకురా, ఆయన్ని నేను అడగాల్సినవి కొన్ని ఉన్నాయి.